బ్రౌజరు మార్చుటకు ముందు



ఒకనాటి రాత్రి మా యింట జరిగిన సంగతితో ఈ ప్రసంగమును ప్రారంభించెదను. ఇంజనీరింగు కళాశాలలో ప్రవేశమునకు మా అమ్మాయి వెబ్ ఆప్షన్లు ఇచ్చుకొనవలసిన ఆఖరు రోజది. ఏ కళాశాల ముందు, ఏది వెనుక, అందులో ఏ శాఖ మేలు అని నాలుగు దినములు ఇంటిల్లిపాదియు తర్జనభర్జన పడి, తుదకు 60కి పైగా ఆప్షన్లతో ఒక పట్టిక సిద్ధము చేసుకొన్నాము. మా ఇల్లాలు దానిని నోటుపుస్తకములో వరుస సంఖ్యలు వేసి వ్రాసిపెట్టినది. రాత్రి 9 గంటలకు కంప్యూటరు ముందు కూర్చున్నాము. మీట నొక్కిన రెండు మూడు క్షణములకు గాని తెరపై అక్షరము పడుట లేదు. ఎట్లో నెట్టుకొని వచ్చినాము. 30వ ఆప్షను వద్దకు వచ్చుసరికి తెర నడుమ చిన్న చక్రమొకటి తిరుగనారంభించి, ఇక ఆగలేదు.

"నాన్నా, ఈ బ్రౌజరు లాభము లేదు, వేరే బ్రౌజరు పెట్టుకొందాము" అన్నది అమ్మాయి. నాకును అదియే తోచినది. పాతదానిని మూసివేసి, క్రొత్త బ్రౌజరును దించుకొని తెరచినాము. అప్పుడు గాని మేము చేసిన పని మాకు తెలియలేదు. భద్రపరచకుండ మూసివేసినందున ఆ 30 ఆప్షన్లును పోయినవి. పాస్‌వర్డు పాత బ్రౌజరుకు తెలియును గాని మాకు జ్ఞాపకము లేదు. దానిని మార్చుకొందమన్న, ఓటీపీ సకాలమున రాలేదు. ఇల్లాలి నోటుపుస్తకము లేకున్నచో ఆ రాత్రి ఏమి జరిగియుండెడిదో తలచుకొనుటకే భయము. ఆమె చదువుచుండ, అమ్మాయి నింపుచుండ, 11 గంటలు దాటిన పిదప ఆ కార్యము ముగిసినది.

ఇంతటితో కథ ముగియలేదు. ఆ రాత్రి చురుకుగా పనిచేసిన క్రొత్త బ్రౌజరు, రెండు నెలలు తిరుగకుండగనే పాతదానివలెనే మందగించినది. నెమ్మదితనము బ్రౌజరుదే అయినచో, బ్రౌజరు మారిన తరువాత అది మా వెంట ఎట్లు వచ్చినది? ఈ ప్రశ్నకు సమాధానమే నేటి ప్రసంగ విషయము.

బ్రౌజరు అనునది మన రేడియో సెట్టు వంటిది. ఎచ్చటనో ఒక స్టేషను ప్రసారము చేయును. మధ్య ఆకాశమార్గమున తరంగము వచ్చును. ఇంటిలోని సెట్టు దానిని పట్టి మనకు వినిపించును. అట్లే ఎచ్చటనో ఒక సర్వరు పుటను పంపును, తీగె మీదనో గాలిలోనో అది వచ్చును, బ్రౌజరు దానిని పట్టి మనకు చూపించును. వినబడు ధ్వనిలో గరగర పుట్టినప్పుడు లోపము స్టేషనులో ఉండవచ్చును, వాతావరణములో ఉండవచ్చును, సెట్టులో ఉండవచ్చును. ఎచ్చట నున్నదో తెలిసికొనకుండ సెట్టును అమ్మివేసి క్రొత్తది కొనువానిని చూచి మనము నవ్వుదుము. బ్రౌజరు విషయమున మాత్రము ఆ పనియే నిత్యము చేయుచున్నాము.

కాబట్టి మొదట పరీక్షింపవలసినది స్టేషనును. ఒక్క వెబ్‌సైటు మాత్రమే నెమ్మదిగా ఉండి తక్కినవి చురుకుగా తెరచుకొనుచున్నచో, దోషము ఆ సైటుదే అగుటకు అవకాశము హెచ్చు. ఆఖరు గడియలో వేలకొలది విద్యార్థులు ఒక్కమారుగా ఒకే ద్వారమును త్రోయునప్పుడు ఏ బ్రౌజరు నుండి త్రోసినను ద్వారము నెమ్మదిగానే తెరచుకొనును. తత్కాల్ టికెట్ల వేళ ఉదయము 10 గంటలకు రైల్వే టికెట్ల సైటును ఆశ్రయించిన వారికి ఈ అనుభవము క్రొత్త కాదు. రెండవది మార్గము. అన్ని సైటులును నెమ్మదిగా నున్నవా? అదే పుటను ఫోనులో, ఇంటర్నెట్టు లైను మీద గాక మొబైలు డేటా మీద తెరచి చూడవలెను. అచ్చట త్వరగా వచ్చినచో కంప్యూటరునో, ఇంటి లైనునో అనుమానింపవలెను. ఈ రెండు పరీక్షలకు రెండు నిమిషములు చాలును.

మూడవది సెట్టు, అనగా మన కంప్యూటరు, దానిలోని బ్రౌజరు. మా యింట దోషము ఇచ్చటనే దొరికినది. ఆ క్రొత్త బ్రౌజరును పరిశీలించి చూడగా 40కి పైగా ట్యాబులు తెరచియున్నవి. ఏనాడో చూచిన వంటకము, ఎన్నడో చదువుదమని ఉంచిన వ్యాసము, ముగిసిపోయిన క్రికెట్టు పందెము, అన్నియు అందులోనే ఉన్నవి. ఒక్కొక్క ట్యాబు కంప్యూటరు జ్ఞాపకశక్తిలో, అనగా ర్యాములో, కొంత స్థలము నాక్రమించును. ర్యాము వంటింటి గట్టు వంటిది, డిస్కు అటక వంటిది. గట్టు మీద చోటున్నంతసేపు వంట చకచక సాగును. గట్టు నిండినచో కొన్ని గిన్నెలను అటక మీద పెట్టి, కావలసినప్పుడెల్ల నిచ్చెన వేసికొని దించుకొనవలెను. కంప్యూటరును సరిగా అదే చేయును. ర్యాములో పట్టని దానిని డిస్కు మీదికి పంపి, మరల తెప్పించుకొనుచుండును. పాతకాలపు తిరుగుడు డిస్కు గల యంత్రములో ఈ రాకపోకలకు పట్టు కాలమే మనకు నెమ్మదితనముగా కనిపించును.

ట్యాబులు కాక ఎక్స్‌టెన్షన్లు అను అతిథులును కలరు. ఒకటి ధరలు పోల్చి చూపును, ఒకటి మాటకు అర్థము చెప్పును, ఒకటి బొమ్మలను దించిపెట్టును. వీరిలో పెక్కురు మనము తెరచు ప్రతి పుటను ముందుగా తాము తడవి చూచిన పిదపనే మనకు అందింతురు. అందరు అతిథులును భారము కారు. ప్రకటనలను అడ్డగించునవి పుటల బరువును తగ్గించి మేలు చేయుటయు కలదు. అయినను, ఏడుగురు అతిథులలో మా యింట నిజముగా పనికి వచ్చినవారు ఇద్దరే.

వీరిని పట్టుకొనుటకు సులభమైన ఉపాయమున్నది. క్రోములో షిఫ్టు మీటను, ఎస్కేపు మీటను కలిపి నొక్కినచో ఏ ట్యాబు, ఏ ఎక్స్‌టెన్షను ఎంత జ్ఞాపకశక్తిని వాడుచున్నదో పట్టికగా కనిపించును. ఫైర్‌ఫాక్సులో చిరునామా గడిలో ఎబౌట్ కోలన్ ప్రాసెసెస్ అని ఇంగ్లీషు అక్షరములలో వ్రాసినచో అదే లెక్క వచ్చును. ఇంతకంటె సులభమైనది ప్రైవేటు విండో తెరచి చూచుట. అందులో సాధారణముగా, మనము ప్రత్యేకముగా అనుమతి నిచ్చిననే తప్ప, ఎక్స్‌టెన్షన్లు పనిచేయవు. నెమ్మదిగా నుండిన పుట అచ్చట చురుకుగా వచ్చినచో దొంగ ఎక్స్‌టెన్షన్లలోనే ఉన్నాడని అనుమానింపవచ్చును.

ఇప్పుడు మా ప్రశ్నకు సమాధానము దొరికినది. క్రొత్త బ్రౌజరు చురుకుగా నుండుటకు మొదటి కారణము అది ఖాళీగా నుండుటయే. అందులో ట్యాబులు లేవు, అతిథులు లేరు. క్రొత్త ఇల్లు విశాలముగా తోచుట సామాను రానంతవరకే గదా! రెండు నెలలలో మా సామానంతయు మేమే మోసికొని వచ్చి అందులో నింపినాము. నెమ్మదితనము మా వెంట రాలేదు, మేమే దానిని తెచ్చినాము.

అయితే నేరమంతయు వాడుకరిదే అనుట న్యాయము కాదు. పుటలును బరువెక్కినవి. 2010 ప్రాంతమున అర మెగాబైటు పరిమాణములో నుండిన సామాన్యమైన వెబ్ పుట నేడు 2 మెగాబైట్లను దాటినది. అందులో మనము చదువు అక్షరముల పాలు అత్యల్పము. తక్కినది బొమ్మలు, ప్రకటనలు, మన రాకపోకలను గమనించు వేగుల వంటి ప్రోగ్రాములు. ఈ ప్రోగ్రాములు వ్రాయు జావాస్క్రిప్టు అను భాషను 1995లో బ్రెండన్ ఐక్ సుమారు 10 దినములలో రూపొందించెను. పుటకు చిన్న చిన్న మెరుగులు దిద్దుటకు పుట్టిన ఆ భాష మీద నేడు బ్యాంకులు, కార్యాలయములు, తరగతి గదులు నడచుచున్నవి. ఆ బరువు మోయలేని బ్రౌజరు నిజముగా నెమ్మదించును. అట్టి సందర్భమున దానిని విడిచి వేరొక దానికి పోవుట తప్పు కాదు సరికదా, అవసరము. ఇందుకు చరిత్రయే సాక్ష్యము.

మన దేశమున సామాన్యులకు ఇంటర్నెట్టు 1995 ఆగస్టు 15న అందుబాటులోనికి వచ్చినది. ఆ కాలమున నెట్‌స్కేప్ నావిగేటరు రాజ్యమేలుచున్నది. అదే నెలలో మైక్రోసాఫ్టు వారి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరు బయలుదేరినది. విండోసుతో పాటు ఉచితముగా వచ్చుటచేత అది క్రమముగా నెట్‌స్కేపును ఓడించినది. 2000 తరువాతి తొలి సంవత్సరములలో నూటికి 90 మందికి పైగా వాడుకరులు దానినే వాడుచుండిరి. పోటీ తొలగిన పిదప ఏమి జరిగినది? 6వ కూర్పు 2001లో వెలువడినది. 7వ కూర్పు వచ్చుటకు 2006 వరకు ఆగవలసి వచ్చినది. ఐదేండ్లు లోకమంతయు ఒకే బ్రౌజరుతో, దాని లోపములతో కాలక్షేపము చేసినది. విడిచిపోవుటకు వేరు దారి లేని వాడుకరి నెమ్మదితనమును గూర్చి ఎవరికి మొరపెట్టుకొనును? పెట్టుకొన్నను ఎవరు విందురు?

మార్పు బయటనుండి వచ్చినది. నెట్‌స్కేపు వారు 1998లో తమ ప్రోగ్రామును లోకమునకు బహిరంగముగా విడిచిపెట్టినారు. ఆ విత్తనము నుండి మొలచినదే 2004 నవంబరులో వెలువడిన ఫైర్‌ఫాక్సు. 2008 సెప్టెంబరులో గూగులు వారి క్రోము వచ్చినది. అందులో రెండు విశేషములు కలవు. ఒక్కొక్క ట్యాబును వేరువేరు గదులలో నుంచినట్లు విడివిడిగా నడపుట మొదటిది. అందుచేత ఒక పుట కూలినను తక్కినవి నిలుచును. వీ8 అను క్రొత్త ఇంజను రెండవది. డెన్మార్కు దేశములో లార్స్ బాక్ నాయకత్వమున తయారైన ఈ ఇంజను జావాస్క్రిప్టును యంత్రభాషలోనికి మార్చి నడపుటచేత వేగము ఎన్నో రెట్లు పెరిగినది. ఆ యేడును మరుసటి యేడును మొజిల్లా వారును ఆపిల్ వారును తమ ఇంజన్లను తిరిగి నిర్మించుకొన్నారు. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్సు క్వాంటము అను పేరుతో మరల నూతనముగా ముస్తాబైనది. ఈ పరుగుపందెములో ఎవరు గెలిచినను లాభము మనదే. ఇంతకును ఆ పందెమును నడిపినది ఎవరు? ఇది నెమ్మదిగా ఉన్నది, వేరొక దానికి పోయెదను అని లేచిపోయిన సామాన్యుడే.

ఇచ్చట తెలుగువారి అనుభవము ఒకటి ప్రత్యేకముగా చెప్పుకొనవలసి యున్నది. యూనికోడులో తెలుగు లిపికి 1991లోనే స్థానము లభించినది. అయినను చాలాకాలము కొన్ని తెలుగు పత్రికల సైటులు తమ సొంత ఫాంటులతో నడచినవి. ఇంగ్లీషు అక్షరముల స్థానములో తెలుగు రూపములను కూర్చి చూపు ఆ పద్ధతి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరులో మాత్రమే సరిగా పనిచేసెడిది. వేరొక బ్రౌజరులో తెరచినచో తెలుగు వార్త స్థానమున అర్థము లేని అక్షరముల గుంపు కనిపించెడిది. అందుచేత పరదేశములలో నున్న తెలుగువాడు ఉదయమే సొంత ఊరి వార్త చదువుకొనవలెనన్నచో, ఎంత విసుగు కలిగినను ఆ బ్రౌజరును విడువలేకపోయెను. ఫైర్‌ఫాక్సులో పద్మ అను ఎక్స్‌టెన్షను అట్టి వ్రాతను యూనికోడులోనికి మార్చి చూపి కొంత ఉపకారము చేసినది. తరువాత పత్రికలే యూనికోడునకు మారుటచేత ఆ సంకెల వీడినది. నేడు ఏ బ్రౌజరులోనైనను తెలుగు చదువగలుగుచున్నాము. బ్రౌజరును మార్చుకొను స్వేచ్ఛ ఎంతటి విలువైనదో, దానిని కోల్పోయి మరల పొందిన మనకు వేరొకరు చెప్పనక్కరలేదు.

ఆ స్వేచ్ఛకు నేడు వేరొక రూపమున ఆపద పొంచియున్నది. పేర్లు పెక్కు ఉన్నవి గాని లోపలి ఇంజన్లు కొలదియే. క్రోములో నున్న బ్లింకు ఇంజనే ఒపేరాలోను, బ్రేవులోను ఉన్నది. ఒపేరా తన సొంత ఇంజనును 2013లో విడిచినది. మైక్రోసాఫ్టు వారు 2020 జనవరిలో ఎడ్జి బ్రౌజరును ఆ మార్గముననే నడిపినారు. ఒకప్పుడు లోకమునేలిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరు 2022 జూన్ 15న సెలవు తీసికొన్నది. బ్లింకును మినహాయించినచో చెప్పుకొనదగినవి ఫైర్‌ఫాక్సులోని గెకో, సఫారీలోని వెబ్‌కిట్ అను రెండే. ఐఫోనులో చిరకాలము ఏ పేరుగల బ్రౌజరైనను వెబ్‌కిట్‌నే వాడవలెనను నిబంధన ఉండెను. 2024లో ఐరోపా సమాఖ్య దేశములలో చట్టబలముచేత అది సడలినది. అందుచేత ఒక బ్రౌజరునుండి వేరొక దానికి పోయినామని మనమనుకొనునప్పుడు, ఒక్కొక్కసారి మారినది తలుపు మీది రంగే గాని ఇల్లు కాదు. మార్పు నిజముగా కావలసినవారు పేరును గాక ఇంజనును చూడవలెను. ఒకే ఇంజను కలవారందరు మరల ఒకే గూటికి చేరినచో, ఆ ఐదేండ్ల నిద్ర తిరిగి రాదని ఎవరు చెప్పగలరు?

ఇక మారదలచిన వారికి కొన్ని మాటలు. మొదటిది, అవసరము నెత్తి మీద నున్నప్పుడు మారరాదు. వరద వచ్చినప్పుడు గాక ఎండకాలములోనే గట్టు పోయవలెను. తీరికగా నున్న ఆదివారమునాడు రెండవ బ్రౌజరును స్థాపించి, అన్నివిధముల పరీక్షించి, పాతదాని ప్రక్కన ఉంచుకొనవలెను. దానిలో ట్యాబులు పేర్చక, అతిథులను చేర్చక ఖాళీగా నుంచవలెను. వేరొక ఇంజను గలదైనచో మరియు మేలు. రెండవది, బుక్‌మార్కులను, పాస్‌వర్డులను పాతదానినుండి దిగుమతి చేసికొను సౌకర్యము ప్రధానమైన బ్రౌజరులన్నిటిలోను కలదు. కాని పాస్‌వర్డులను ఒక ఫైలుగా దించుకొన్నచో, ఆ ఫైలులో నవి ఎవరైన చదువగల మామూలు అక్షరములలోనే ఉండును. పని ముగిసిన వెంటనే దానిని పూర్తిగా తొలగింపవలెను. ఇంటి తాళపుచెవులను అరుగు మీద పెట్టి పోవు వారెవరు? మూడవది, బ్రౌజరు నేదైనను అధికారికమైన సైటునుండియే దించుకొనవలెను, క్రొత్త కూర్పులు వచ్చినప్పుడెల్ల దానిని నవీకరించుచుండవలెను. మందముగా నున్నదన్న బ్రౌజరు కేవలము పాత కూర్పు అగుటయు కద్దు. నాలుగవది, నెలరోజులు క్రొత్తదానితో నడచిన పిదపనే పాతదానికి వీడ్కోలు చెప్పవలెను.

అన్నిటికంటె ముఖ్యమైనది ఇంకొకటి కలదు. ముఖ్యమైన పత్రము నింపునప్పుడు ప్రతి పది వరుసలకు ఒకమారు భద్రపరచుట అలవాటు చేసికొనవలెను. అట్టి పనికి కూర్చొనుటకు ముందు తక్కిన ట్యాబులను మూసివేయవలెను. ఇది ఏ బ్రౌజరును మార్చనక్కర లేకుండ ఏ యింటనైనను చేయదగిన పని.

మా అమ్మాయికి ఆ యేడు సీటు వచ్చినది. పట్టికలో 4వ సంఖ్య వేసిన కళాశాల అది. ఆమె ఇప్పుడు హాస్టలులో నుండి చదువుకొనుచున్నది. మొన్న సెలవులకు వచ్చినప్పుడు నా కంప్యూటరును తెరచి చూచి, "నాన్నా, మళ్ళీ 30 ట్యాబులా?" అని అడిగినది. నాకు సమాధానము దొరకలేదు. ఆ రాత్రి కూర్చొని ఒక్కొక్కటిగా మూసివేసినాను. ఆ వంటకమును మాత్రము మా ఇల్లాలు తన నోటుపుస్తకములోనికి ఎక్కించుకొన్నది.